విద్యుత్ క్షేత్రంలో కణపొర: కంప్యూటర్ నమూనాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఎం.ఎస్సీ. ఫిజిక్స్, బయోటెక్నాలజీ చదివే మన తెలుగు పిల్లలకు ఏటా ప్రాజెక్టుల కాలం వచ్చేసరికి ఇవే సందేహాలు. వీళ్ళలో చాలామందికి బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. అందుకే ఇంట్లో మాట్లాడుకునేంత సులువుగా రాయాలని చూశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఫర్వాలేదు, దేని జవాబు దానిలోనే ఉంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. ఈ సబ్జెక్టులో సగం గొడవలు "క్షేత్రం ఎంత?" అని అడిగి, "ఎక్కడి క్షేత్రం?" అని అడగకపోవడం వల్లే వస్తాయి.

## మొదలుపెట్టే ముందు

కణానికి కరెంటు పెడితే పొరకు అసలేమవుతుంది సార్?

పొర మందం సుమారు 5 నానోమీటర్లు. దానికి అటూ ఇటూ ఉప్పునీరే, అది కరెంటును మోస్తుంది. మధ్యలో లిపిడ్ (పొరను కట్టే కొవ్వు అణువు) తోకలున్న భాగం మోయదు. బయట క్షేత్రం పెట్టగానే అయాన్లు కదిలి పొరకు రెండువైపులా పోగుపడతాయి, అంటే పొర కెపాసిటర్‌లా ఛార్జవుతుంది.

ఏ క్షేత్రమూ పెట్టని మామూలు నాడీకణంలోనే పొరకు రెండువైపులా సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. దాన్ని 5 నానోమీటర్లతో భాగిస్తే మీటరుకు కోటీ 40 లక్షల వోల్టులు వస్తుంది. గాలి అయితే 30 లక్షల దగ్గరే నిప్పురవ్వ కొడుతుంది. పొర దాన్ని పుట్టినప్పటి నుంచీ భరిస్తూనే ఉంది. పల్స్ (కాసేపే ఇచ్చి ఆపే క్షేత్రం) వల్ల ఆ తేడా అర వోల్టు, ఒక వోల్టు దరిదాపుల్లోకి వస్తే మాత్రం లిపిడ్ల మధ్యకు నీళ్ళు దూరి సన్నటి రంధ్రాలు పడతాయి. దీన్నే ఎలక్ట్రోపోరేషన్ అంటారు. పల్స్ మితంగా ఉంటే పొర మళ్ళీ మూసుకుంటుంది. మితిమీరితే కణం చచ్చిపోతుంది.

ఇది నిజంగా ఎక్కడైనా వాడుతున్నారా, లేక పేపర్ల కోసమేనా?

చాలాచోట్ల వాడుతున్నారు. 1982లో ఎబర్‌హార్డ్ నాయ్‌మన్ బృందం ఎలుక కణాల్లోకి ఇలాగే జన్యువును ఎక్కించి చూపించింది. ఇప్పుడు బాక్టీరియాలోకి డీఎన్ఏ పంపాలంటే ప్రతి పెద్ద ల్యాబ్‌లోనూ ఇది రోజువారీ పని. బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు మామూలుగా కణంలోకి సరిగా దూరదు, పల్స్ ఇస్తే దూరుతుంది. అక్కడ మామూలుగా 100 మైక్రోసెకన్ల పల్స్‌లు 8 ఇస్తారు. గుండె లయ తప్పినవాళ్ళకు ఇదే సూత్రంతో చేసే పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్‌కు అమెరికాలో 2023 డిసెంబరులో మొదటి అనుమతి వచ్చింది. చిప్స్ ఫ్యాక్టరీల్లో బంగాళాదుంపలను కోసేముందు మెత్తబరచడానికీ పల్స్‌లే.

మన జైకోవ్-డి టీకా కూడా ఇలాంటిదేనా అని కొందరు అడుగుతారు. కాదు. అది డీఎన్ఏ టీకానే, 2021లో అత్యవసర అనుమతి పొందింది, కానీ దాన్ని సూది లేకుండా ఒత్తిడితో చర్మంలోకి పంపుతారు. అందులో కరెంటు లేదు.

మా దగ్గర సెల్ ల్యాబ్ లేదు, ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది. ప్రాజెక్టు అవుతుందా అన్నా?

అవుతుంది. అణువుల కదలికను లెక్కకట్టే గ్రోమాక్స్ ప్రోగ్రాం ఉచితం. పొరను కట్టిపెట్టే చార్మ్-గుయ్, బొమ్మ చూడటానికి వీఎండీ కూడా చదువుకునేవాళ్ళకు ఉచితమే. మొత్తం కణాన్ని ఒక గోళంగా తీసుకునే లెక్కలకు పైథాన్, దానితో సమీకరణాలు సాధించే ఫెనిక్స్ చాలు. డబ్బు పెట్టి కొనాల్సిన కామ్‌సాల్ సాఫ్ట్‌వేర్ కోసం డిపార్ట్‌మెంటు చుట్టూ తిరగక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ మీద చిన్న పొర నమూనా రోజుకు వంద నానోసెకన్ల దరిదాపుల్లో నడుస్తుంది. కార్డు లేకపోతే చాలా నెమ్మది. అలాంటప్పుడు మొత్తం కణం నమూనా తీసుకోండి, అది గంటల్లో అయిపోతుంది.

అణువుల నమూనానా, మొత్తం కణం నమూనానా? ఏది తీసుకుంటే మార్కులు ఎక్కువ?

మార్కుల సంగతి పక్కన పెట్టి, మీ ప్రశ్న ఏంటో ఒక్క వాక్యంలో రాయండి. "రంధ్రం ఎలా పుడుతుంది, ఏ లిపిడ్ ఎంత తట్టుకుంటుంది?" అన్నది ప్రశ్న అయితే మాలిక్యులర్ డైనమిక్స్, అంటే అణువుల నమూనా. అందులో ప్రతి పరమాణువూ కనిపిస్తుంది, కానీ చూడగలిగేది పొరలో పది నానోమీటర్ల ముక్క, కొన్ని వందల నానోసెకన్ల కాలం. "ఎంత వోల్టేజీ, ఎంతసేపు, కణంలో ఏ వైపు?" అన్నది ప్రశ్న అయితే మొత్తం కణం నమూనా. అందులో మిల్లీసెకన్ల దాకా పోవచ్చు, కానీ లిపిడ్ కనిపించదు. ఒక్క సెమిస్టర్‌లో రెండూ చేస్తానని సినాప్సిస్‌లో రాసేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్.

## నమూనా కట్టేటప్పుడు

ల్యాబ్ పేపర్లో సెంటీమీటరుకు 1 కిలోవోల్టు అని ఉంది, సిమ్యులేషన్ పేపర్లో నానోమీటరుకు 0.3 వోల్టు. మార్చి చూస్తే 3000 రెట్లు తేడా! ఎవరిది తప్పు?

ఎవరిదీ తప్పు కాదు. మొదటిది కణం బయట, ద్రవంలో ఉన్న క్షేత్రం. రెండోది పొర దగ్గరి లెక్క.

కాగితం మీద వేసి చూడండి. సెంటీమీటరుకు 1 కిలోవోల్టు అంటే నానోమీటరుకు 0.0001 వోల్టు. గోళంలాంటి కణం మీద పొరకు అడ్డంగా వచ్చే వోల్టేజీని హెర్మన్ ష్వాన్ పేరుతో ఉన్న సూత్రం ఇస్తుంది: 1.5 × బయటి క్షేత్రం × వ్యాసార్థం × కోణం కొసైన్. కణం వ్యాసార్థం 10 మైక్రోమీటర్లు అనుకుంటే, ఎలక్ట్రోడ్‌కు ఎదురుగా ఉన్న చోట కొసైన్ 1, కాబట్టి 1.5 వోల్టులు. ఆ 1.5 వోల్టులూ పడేది 5 నానోమీటర్ల పొర మీదే. భాగిస్తే నానోమీటరుకు 0.3 వోల్టు. పేపర్లో ఉన్నదీ అదే.

అంటే కణం తన ఒళ్ళంతా ఉన్న వోల్టేజీని పోగుచేసి సన్నటి పొర మీద పడేస్తోంది. ఆ 3000 రెట్లూ వచ్చింది వ్యాసార్థానికీ మందానికీ ఉన్న నిష్పత్తిని (2000) 1.5తో గుణించడం నుంచే. ఇది అర్థం కాకుండా "సిమ్యులేషన్‌లో అవాస్తవమైన క్షేత్రాలు వాడతారు" అని థీసిస్‌లో రాసేస్తే వైవాలో అక్కడే పట్టుకుంటారు. అవాస్తవం అనదగ్గది వేరే ఉంది. చాలా సిమ్యులేషన్లలో 2, 3 వోల్టులు పెడతారు, ఎందుకంటే నానోసెకన్లలో రంధ్రం పడాలి, అంతకంటే ఎక్కువసేపు నడపడం కంప్యూటర్‌కు భారం.

నీళ్ళు ఎక్కువ పోస్తే రంధ్రం త్వరగా పడుతోంది. ఇదేటి సార్, నీళ్ళకు అంత బలమా?

బలం నీళ్ళది కాదు, బాక్సు ఎత్తుది. గ్రోమాక్స్‌లో జెడ్ దిశలో పెట్టే క్షేత్రం బాక్సు మొత్తానికీ వర్తిస్తుంది. మొత్తం వోల్టేజీ అంటే ఆ క్షేత్రాన్ని బాక్సు ఎత్తుతో గుణించినంత. నీటి అణువులు క్షేత్రం వైపు తిరిగి (దీన్నే ధ్రువీకరణ, పోలరైజేషన్ అంటారు) తమ వాటాను దాదాపు రద్దు చేసుకుంటాయి కాబట్టి ఆ వోల్టేజీ మొత్తం పొర మీదే పడుతుంది. 7 నానోమీటర్ల బాక్సులో 0.3 పెడితే 2.1 వోల్టులు. నీళ్ళు పోసి బాక్సును 10 చేస్తే అదే 0.3కు 3 వోల్టులు. ఇక త్వరగా పడక ఏమవుతుంది? రెండు రన్‌లను పోల్చాలంటే క్షేత్రాన్ని కాదు, వోల్టేజీని సమానంగా ఉంచండి. రిపోర్టులోనూ వోల్టేజీయే రాయండి.

ఏ లిపిడ్ తీసుకోవాలి? సీనియర్ డీపీపీసీ ఫైలు ఇచ్చాడు.

37 డిగ్రీల దగ్గర నడపబోతున్నట్టయితే ఆ ఫైలు పక్కన పెట్టండి. డీపీపీసీ 41 డిగ్రీలకు దిగువన గడ్డకట్టిన జెల్ స్థితిలో ఉంటుంది. దాని మీద వచ్చిన అంకెలను బతికున్న కణానికి అంటగట్టలేం. పీఓపీసీ సున్నా డిగ్రీల కంటే కాస్త దిగువ దాకా ద్రవంగానే ఉంటుంది, పోల్చుకోడానికి పాత పేపర్లూ బోలెడు. మొదట దానితో చేయండి. సమయం మిగిలితే కొలెస్ట్రాల్ కలిపి చూడండి: పొర బిగుసుకుంటుంది, రంధ్రానికి ఎక్కువ వోల్టేజీ కావాల్సి వస్తుంది.

ఎన్ని లిపిడ్లు, ఎన్ని నీళ్ళు, ఎంత ఉప్పు?

మొదటి ప్రాజెక్టుకు 128 పీఓపీసీలు, వరుసకు 64. ఒక్కో పీఓపీసీలో 134 పరమాణువులు. లిపిడ్‌కు 45 చొప్పున నీటి అణువులు పోస్తే మొత్తం 34 వేల పరమాణువులు దాటుతాయి. లీటరుకు 0.15 మోల్ ఉప్పు కావాలంటే ఆ నీళ్ళకు సోడియం, క్లోరైడ్ జతలు 15 లేదా 16 చాలు. రంధ్రం పడటానికి ఉప్పు తప్పనిసరి కాదు, పని మొదలుపెట్టేది నీళ్ళే.

కొన్ని పరమాణువులను కలిపి ఒక్కో గుళికగా తీసుకునే మార్టినీ నమూనా వాడితే పది రెట్లు త్వరగా అవుతుందట కదా?

త్వరగా అవుతుంది, కానీ మామూలు మార్టినీ నీటి గుళికకు విద్యుదావేశం లేదు. క్షేత్రం పెట్టినా దానికి పట్టదు. నీళ్ళు క్షేత్రం వైపు తిరగడమే ఈ కథకు మూలం కాబట్టి, మార్టినీయే వాడాలనుకుంటే ధ్రువీకరణ ఉన్న నీటి నమూనా తీసుకోండి.

మొత్తం కణం నమూనాలో పొరకు మెష్ (లెక్క కోసం చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టే వల) వేయలేకపోతున్నా. కంప్యూటర్ బిగుసుకుపోతోంది.

20 మైక్రోమీటర్ల కణంలో 5 నానోమీటర్ల పొరకు మెష్ వేస్తే ఏ కంప్యూటరైనా బిగుసుకుపోతుంది. పొరను గీయకండి. దాన్ని మందం లేని సరిహద్దుగా తీసుకుని, అటూ ఇటూ వోల్టేజీ తేడాకూ దాటే కరెంటుకూ సంబంధం రాసే సరిహద్దు నియమం పెట్టండి. కెపాసిటన్స్ చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఫారడ్, పొర వాహకత మీటరుకు 0.0000003 సీమెన్స్, లోపలి ద్రవానిది సుమారు 0.3. బయటి ద్రవానిది మీ బఫర్‌ను బట్టి.

బాక్టీరియాకు ఎందుకు అంత ఎక్కువ వోల్టేజీ? మా ప్రాక్టికల్‌లో క్యువెట్ (శాంపిల్ పోసే, ఎలక్ట్రోడ్లున్న చిన్న గిన్నె) టప్‌మని పేలింది కూడా.

పొరకు వచ్చే వోల్టేజీ కణం సైజును బట్టి ఉంటుంది. ఈ.కోలై వ్యాసార్థం అర మైక్రోమీటరు అనుకోండి. 1 మిల్లీమీటరు క్యువెట్‌లో 1.8 కిలోవోల్టులు పెడితే సెంటీమీటరుకు 18 కిలోవోల్టులు, దాన్ని 1.5తోనూ వ్యాసార్థంతోనూ గుణిస్తే 1.35 వోల్టులు. జంతు కణానికి సెంటీమీటరుకు 1 కిలోవోల్టుతో వచ్చేది కూడా దాదాపు అంతే.

టప్‌మనడానికి కారణం ఉప్పు. కణాలను చల్లటి గ్లిసరాల్ నీళ్ళతో సరిగా కడగకపోతే మిగిలిన ఉప్పు కరెంటును లాగేస్తుంది, క్యువెట్ మూత కింద నీలంగా మెరుస్తుంది, శాంపిల్ మూతకు చిమ్ముతుంది. ఆ శాంపిల్ ఇక పనికిరాదు.

## రన్ నడుస్తున్నప్పుడు

రాత్రి కరెంటు పోయింది. మొత్తం మళ్ళీ మొదటి నుంచేనా?

అక్కర్లేదు. గ్రోమాక్స్ మీరు ఏమీ చెప్పకపోయినా 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ ఫైలు రాస్తుంది. అక్కడి నుంచి కొనసాగించమని ఆదేశమిస్తే పోయేది మహా అయితే పావుగంట పని. ల్యాప్‌టాప్ వాళ్ళకు బ్యాటరీ ఉంది కదా అనే ధీమా వద్దు. గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా పనిచేస్తుంటే బ్యాటరీ గంట కూడా ఆగదు.

మన దగ్గర అసలు భయం తుపాను. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. అక్టోబరు, నవంబరుల్లో పెద్ద రన్ పెట్టుకుంటే ఇన్‌పుట్ ఫైళ్ళు, చెక్‌పాయింట్, అప్పటిదాకా వచ్చిన ట్రాజెక్టరీ (అణువుల కదలికల ఫైలు) ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇంటి బయట మరోచోట ఉంచండి.

రంధ్రం పడగానే పొర మొత్తం చిరిగిపోయి బాక్సు చదునైపోయింది. ఎక్కడ తప్పు?

తప్పు లేదు, క్షేత్రాన్ని ఆపకపోవడమే. రంధ్రం పడ్డాక కూడా అదే క్షేత్రం ఉంచితే అది పెరుగుతూనే పోతుంది. పీడన నియంత్రణ దానికి తగ్గట్టు బాక్సును పక్కలకు సాగదీస్తుంది, ఎత్తు తగ్గిపోతుంది. నిజమైన కణంలో రంధ్రాల గుండా కరెంటు కారి పొర మీది వోల్టేజీ పడిపోతుంది కాబట్టి ఇంత ఘోరం జరగదు. రంధ్రాన్ని నిలకడగా చూడాలంటే అది పడిన ఫ్రేమ్ తీసుకుని, తగ్గించిన క్షేత్రంతో కొత్త రన్ మొదలుపెట్టండి.

20 నానోసెకన్లు ఆగాను, రంధ్రం పడలేదు. వోల్టేజీ పెంచనా, ఇంకా ఆగనా?

రంధ్రం పుట్టే వేగం వోల్టేజీతో విపరీతంగా మారుతుంది. నాయ్, క్రసౌస్కా 1999లో ఇచ్చిన సమీకరణంలో ఆ వేగం, వోల్టేజీని 0.258తో భాగించి వర్గం చేసి, దాన్ని e మీద ఘాతాంకంగా పెట్టినట్టు పెరుగుతుంది. అర వోల్టు నుంచి 1 వోల్టుకు పోతే దాదాపు 78 వేల రెట్లు. అంటే కొంచెం తక్కువ వోల్టేజీ దగ్గర మీ ఓపిక సరిపోదు. 20 నానోసెకన్లలో పడకపోతే వోల్టేజీని పదో వంతు చొప్పున పెంచుతూ పోండి. కానీ "ఇంతకు దిగువన రంధ్రం పడదు" అని రాయకండి, "ఇంతసేపట్లో పడలేదు" అని రాయండి.

## ఫలితాలు చూసేటప్పుడు

రంధ్రం పడిందని కచ్చితంగా ఎలా తెలుస్తుంది?

మొదట వీఎండీలో లిపిడ్ తోకలు దాచేసి నీళ్ళు, లిపిడ్ తలల్లోని ఫాస్ఫేట్లు మాత్రం చూపించండి. ఖాళీగా ఉన్న మధ్య భాగంలోకి నీళ్ళు రెండువైపుల నుంచీ ముల్లులా పొడుచుకొస్తాయి, వెనక్కి పోతాయి, మళ్ళీ వస్తాయి. ఒక్కోసారి రెండూ కలిసి ఒకటీ రెండు అణువుల మందం తీగ అవుతుంది. అది కూడా తెగిపోవచ్చు. తెగకుండా నిలిస్తే, ఒకటి రెండు నానోసెకన్లలో పక్కనున్న లిపిడ్ తల ఒకటి తీగ వెంట లోపలికి వంగుతుంది, దాని వెనక మరొకటి. ఫాస్ఫేట్లు ఈ వైపు నుంచి ఆ వైపుకు గోడలా కలిశాయంటే అదీ రంధ్రం.

రిపోర్టులో కంటితో చూశానంటే ఒప్పుకోరు కాబట్టి ఒక ప్రమాణం పెట్టుకోండి: మధ్యతలానికి అటూ ఇటూ అర నానోమీటరులో నీటి అణువులు ఎన్ని, ఫాస్ఫేట్ మధ్యకు చేరిన మొదటి సమయం ఎంత. ఏది పెట్టుకున్నా అన్ని రన్‌లకూ అదే.

ఒకే ఫైలు, అవే అంకెలు. ఒక రన్‌లో 3 నానోసెకన్లకు పడింది, ఇంకోదాంట్లో 11కు. నా కంప్యూటర్ పాడైందా?

కంప్యూటర్ బాగానే ఉంది. రంధ్రం పుట్టడం అవకాశాన్ని బట్టి జరిగేది. మొదటి వేగాలు కాస్త మారినా సమయం మారిపోతుంది. అందుకే ఒక్క రన్‌తో "పీఓపీసీకి 3 నానోసెకన్లు" అనలేం. వేర్వేరు వేగాలతో కనీసం పది రన్‌లు నడిపి, సగటుతో పాటు చెదురును కూడా చూపించండి.

మొత్తం కణం గ్రాఫ్‌లో కొసైన్ ఆకారం రావాలి కదా, పైన బల్లపరుపుగా ఎందుకుంది?

అదే సరైన గ్రాఫ్. కొసైన్ వచ్చేది పొర చెక్కుచెదరనంత వరకే. ఎలక్ట్రోడ్ల వైపు వోల్టేజీ 1 వోల్టు దాటబోగానే అక్కడ రంధ్రాలు పుట్టి కరెంటు కారుతుంది, వోల్టేజీ ఇక పెరగదు. ధన ఎలక్ట్రోడ్ వైపు ముందు పడుతుంది, అక్కడ కణం సొంత 70 మిల్లీవోల్టులు కూడా తోడవుతాయి కాబట్టి. మామూలు ఉప్పునీటిలో 10 మైక్రోమీటర్ల వ్యాసార్థపు కణం ఛార్జవడానికి ఒకటి రెండు మైక్రోసెకన్లకు మించి పట్టదు, కాబట్టి పల్స్ మొదట్లోనే ఈ కథ ముగుస్తుంది.

క్షేత్రం ఆపగానే రంధ్రం పదుల నానోసెకన్లలో మూసుకుంది. ల్యాబ్‌లో నిమిషాలపాటు రంగు లోపలికి పోతూనే ఉందట. నా నమూనా తప్పా?

ఈ రంగంలో ఇంకా తెగని ప్రశ్న ఇదే. ఉత్త లిపిడ్ పొరలో రంధ్రం త్వరగా మూసుకోవడం చాలామంది సిమ్యులేషన్లలో వచ్చినదే. నిజమైన కణపొరలో ప్రొటీన్లున్నాయి, కింద సైటోస్కెలిటన్ (కణానికి ఆకారమిచ్చే ప్రొటీన్ పోగుల అల్లిక) ఉంది, పల్స్ వల్ల ఆక్సీకరణ చెందిన లిపిడ్లుంటాయి. నిమిషాలపాటు కారేది తొలి రంధ్రాల గుండానా, లేక దెబ్బతిన్న ప్రొటీన్లు, ఆక్సీకరణ చెందిన లిపిడ్ల గుండానా అన్నది చర్చలోనే ఉంది. నన్నడిగితే థీసిస్‌లో ఈ తేడాను దాచడం కంటే దీనికే ఒక పేజీ ఇవ్వడం మేలు. పరీక్షకులకు ఆసక్తి పుట్టేదీ అక్కడే.

## ఇంట్లోవాళ్ళు అడిగేవి

ఇది చదివితే ఉద్యోగం వస్తుందా బాబూ?

ఈ ఒక్క టాపిక్‌తో రాదు. లినక్స్, పైథాన్, పెద్ద డేటాను విడమరిచి చూడటం చేతికొస్తే వాటికి వస్తుంది. పరిశోధన వైపు పోవాలంటే నెట్, గేట్ రాయాల్సిందే. బరంపురంలోనే 2016 నుంచి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్య, పరిశోధన సంస్థ) ఉంది, వైజాగ్ బండి ఎక్కే ముందు అక్కడ కూడా ఓసారి కనుక్కోండి.

మా పొలం మీదుగా హైటెన్షన్ లైన్ పోతోంది. దాని కింద పనిచేస్తే మా కణాలకూ చిల్లులు పడతాయా?

పడవు. మాచ్‌ఖండ్, ఎగువ ఇంద్రావతి వైపు లైన్ల కింద పొలాలున్నవాళ్ళు చాలామంది అడిగే ప్రశ్న కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. లైను కింద నేల దగ్గర గాలిలో క్షేత్రం మీటరుకు కొన్ని వేల వోల్టులు ఉండొచ్చు. ఒళ్ళు కరెంటును మోస్తుంది కాబట్టి ఆ క్షేత్రం లోపలికి దాదాపు రాదు, మీటరుకు పదుల మిల్లీవోల్టులు మించదు. 50 మిల్లీవోల్టులనే తీసుకుని, 10 మైక్రోమీటర్ల కణానికి 1.5తో గుణిస్తే పొర మీద పడేది ఒక మైక్రోవోల్టు కంటే తక్కువ. చిల్లు పడటానికి కావాల్సింది దానికి పది లక్షల రెట్లు.

తీగ తగిలితే లెక్క వేరు. అప్పుడు కరెంటు ఒంట్లోంచే పోతుంది. కండర కణాలు మైక్రోమీటర్లలో కాదు, మిల్లీమీటర్లు, సెంటీమీటర్ల పొడవుంటాయి. చెయ్యి పొడవునా క్షేత్రం ఉంటే వాటి కొసల దగ్గర వోల్టేజీ చాలా ఎక్కువ పోగవుతుంది. షాక్ కొట్టినవాళ్ళకు చర్మం మీద కాలిన మచ్చ చిన్నదే ఉన్నా లోపల కండరం ఎక్కువ దెబ్బతినడానికి వేడితో పాటు ఇదీ ఒక కారణం. అందుకే మచ్చ చిన్నదే కదా అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.